జూదగాడి దుకాణం

మా ఇంట్లో జరిగింది దాచిపెట్టమని చాలామంది చెప్పారు. మా ఆడపడుచు చెప్పింది, మా అన్నయ్య చెప్పాడు, దుకాణం పక్కన గాజులు అమ్మే ఆయన కూడా చెప్పాడు. అందరూ మా మంచి కోరే చెప్పారు. మేం దాచలేదు. దాచి ఉంటే మా ఆయన ఈపాటికి మాకు దక్కేవారు కాదని నా నమ్మకం.

మా ఆయనకు అమీర్‌పేటలో ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకెళితే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్ ఇచ్చే చిన్న దుకాణం. ఆయనది మగ్గాల ఊరు. వాళ్ళ నాన్న నేసేవారు, ఈయన అమ్మకానికి హైదరాబాదు వచ్చారు. నాది కృష్ణా జిల్లా. టీవీ సీరియళ్ళలో అత్తగార్లకూ వదినలకూ గొంతు అరువిస్తాను. జాకెట్టు గుడ్డ కోసం వెళ్ళి దుకాణదారుణ్ణే తెచ్చుకున్నానని మా వాళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. యూసుఫ్‌గూడలో అద్దెకుంటాం. మాతోపాటు మా అత్తయ్య ఉంటుంది. పిల్లల్లేరు.

కొన్నేళ్ళ కిందట శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, పంటినొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్తూ మా ఆయన నన్ను కాసేపు దుకాణంలో కూర్చోమన్నారు. ఒకావిడ నెమలికంఠం రంగు చీర తెచ్చింది. అరలో ఆ రంగుకు దగ్గరగా కనిపించిన గుడ్డ తాను ఒకటి లాగాను. దాని వెనక ఇంకో వరస ఉండాలి. లేదు, గోడ కనిపించింది. పక్కది లాగాను. అక్కడా గోడే. చేతిలోని తాను ఎందుకింత తేలిగ్గా ఉందా అని విప్పితే, అట్టకు పైపైన రెండు చుట్లు గుడ్డ చుట్టి ఉంది. వ్రతాలూ పెళ్ళిళ్ళూ ఉన్న నెల, దుకాణంలో కాలు పెట్టడానికి చోటు ఉండకూడని నెల. ఉన్న కాస్త సరుకునూ ముందుకు జరిపి, వీధిలోంచి చూస్తే అరలు నిండుగా కనిపించేలా పేర్చి పెట్టారు. ఆ రంగు అయిపోయిందని చెప్పి ఆవిణ్ణి పంపించేశాను. తర్వాత వచ్చిన వాళ్ళకూ అదే చెప్పాను.

ఆయన తిరిగొచ్చేసరికి నేను లాగిన తానులన్నీ బల్లమీద ఉన్నాయి.

“సరుకు ఏమైందండీ?” అన్నాను.

బుగ్గలో దూది పెట్టుకుని ఉన్నారు. ఆ దూది తీసి చెత్తబుట్టలో వేశారు. తర్వాత స్టూలు మీద కూర్చున్నారు.

“ఆడిన,” అన్నారు. “మొదలు రమ్మీ. తర్వాత క్రికెట్ బెట్టింగ్.”

“ఎవరితో?”

“ఎవరితోనో నాకేం తెలుసు? ఫోన్ల.”

“మన రాష్ట్రంలో అవి బంద్ చేశారు కదా?”

“బందే. గానీ ఫోన్ల ఇంకో యాప్ ఏసుకుంటే మనం వేరే రాష్ట్రంల ఉన్నట్టు చూపిస్తది. ఆడేటోళ్ళ గ్రూపుల అందరు గదే చేస్తరు.”

అలా నాకు తెలిసింది. నేను స్టూడియోలో ఎవరికో ఏడుపులు ఏడుస్తున్న రోజుల్లో మా ఆయన అమీర్‌పేటలోనే కూర్చుని, ఫోనును మాత్రం ఇంకో రాష్ట్రానికి పంపి, అక్కడ మా సరుకునంతా తగలేశారు. కొనుగోలుదార్లు లేని గంటలో మొదలుపెట్టారట. చివరికి కొనుగోలుదార్లు వస్తే విసుక్కునే దాకా వచ్చారట. మనిషి సన్నబడ్డారని నేను అనుకుంటూనే ఉన్నాను. షుగరేమో పరీక్ష చేయించుకోమని పోరుతున్నాను కూడా.

ఇంటికెళ్ళి అత్తయ్య ముందు కూర్చుని ఆయనే చెప్పారు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అంతా విని, ఒక్క మాట అడిగింది.

“పోయింది పోయింది. గిప్పుడు సుత ఆడబుద్ధి అయితుందా?”

ఆయన కూడా ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకున్నారు. “అయితుందమ్మా,” అన్నారు.

“అయితె దవాఖానకు పోదాం పా,” అంది ఆవిడ.

ఇక ఆడను, ఒట్టు అని ఆయన అని ఉంటే ఆ మాట నమ్మి ఊరుకునేవాళ్ళమే. నిజం చెప్పారు కాబట్టి దారి దొరికింది.

పంజాగుట్టలో వ్యసనాలకు వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. బయట కూర్చున్న వాళ్ళలో ఎక్కువమంది తాగుడు వదలడానికి వచ్చినవాళ్ళు. మా ఆయన వాళ్ళ పక్కన కూర్చోవడానికి మొహమాటపడి నిలబడే ఉన్నారు. ఆయన జన్మలో మందు ముట్టలేదు, సిగరెట్టు కాల్చలేదు. లోపలికి వెళ్ళాక ఆ మాటే డాక్టరమ్మతో అన్నారు.

“నాకు ఏ అలవాటు లేదు మేడమ్.”

“ఇదే అలవాటు,” అంది ఆవిడ. “మీ గుణం చెడ్డది కాదు. మీకు జబ్బు చేసింది. కానీ జబ్బని తెలిశాక కూడా వైద్యం చేయించుకోకపోతే, అది మాత్రం మీ తప్పే.”

ఏం చేయాలో చెప్పింది. ఆ ఫోను నా దగ్గర ఉండాలి. ఆయన మీటల ఫోను వాడాలి. దుకాణం డబ్బు నేను చూడాలి. వారం వారం రావాలి. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండాలి. అన్నీ చేశారు. నా సంపాదనతో కొద్దికొద్దిగా సరుకు మళ్ళీ తెచ్చాం. మొదటి రోజుల్లో మనసు గుడ్డ మీద నిలిచేది కాదు. కత్తెర పట్టుకుంటే గుడ్డ వంకరగా తెగేది. క్రికెట్ ఉన్న సాయంత్రాల్లో అత్తయ్య ఆయన్ని వెంటబెట్టుకుని వీధులన్నీ తిప్పేది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, కొడుకు కోసం యూసుఫ్‌గూడ గల్లీలన్నీ కొలిచింది.

కాస్త కుదుటపడ్డారు, అన్నం సయించింది అనుకుంటున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున నా దగ్గరున్న ఆయన ఫోను మోగింది. తీశాను.

“నమస్తే సార్! చాలా రోజులైంది సార్ మీరు కనిపించి. మిమ్మల్ని బాగా మిస్ అవుతున్నాం,” అంది ఒక ఆడగొంతు. చక్కటి తెలుగు. నా వృత్తి గొంతుతోనే కాబట్టి ఆ గొంతు విలువ నాకు వెంటనే తెలిసింది. నేర్పి కూర్చోబెట్టిన తియ్యదనం అది. “మీ కోసం స్పెషల్ బోనస్ పెట్టాం సార్, ఈ రోజు మ్యాచ్‌కి.”

“నేను ఆయన భార్యను. ఆయనకు ఈ ఆట వల్ల జబ్బు చేసింది. వైద్యం జరుగుతోంది. ఆయన అకౌంటు మూసేయండి, ఇంకెప్పుడూ ఫోన్ చేయకండి.”

ఆ అమ్మాయి గొంతులో తియ్యదనం తగ్గలేదు. “సారీ మేడమ్. అకౌంట్ హోల్డర్ మాత్రమే రిక్వెస్ట్ చేయాలి.”

మా ఆయన పక్కనే ఉన్నారు. ఫోను తీసుకున్నారు. “నేనే మాట్లాడుతున్న. బంద్ చేయుండ్రి.”

“తప్పకుండా సార్. మీరు యాప్ ఓపెన్ చేసి, లాగిన్ అయి, అక్కడ రిక్వెస్ట్ పెట్టాలి సార్.”

స్పీకరు పెట్టి ఉంది కాబట్టి అత్తయ్యతో సహా ముగ్గురం విన్నాం. ఆడకుండా ఉండాలంటే ముందు ఆటలోకి రావాలట. డాక్టరమ్మ ఏ గుమ్మం తొక్కవద్దందో ఆ గుమ్మంలోంచే లోపలికెళ్ళి, బయటికి పోతానని చెప్పుకోవాలట.

అయినా పెట్టి చూద్దామన్నారు ఆయన. నేనొక పక్క, అత్తయ్య ఒక పక్క కూర్చున్నాం. యాప్ తెరవగానే రంగుల చక్రం ఒకటి గిర్రున తిరిగింది. మీరు తిరిగొచ్చినందుకు బహుమతి అని చప్పట్లు మోగాయి. అకౌంటు మూసే చోటు కోసం వెతికాం. డబ్బు వేసే చోటు ప్రతి తెరమీదా ఉంది. మూసే చోటు ఎక్కడా లేదు. ఆయన ఊపిరి మారడం నాకు వినిపించింది. బొటనవేలు ఆ చక్రం వైపు వెళ్తోంది. అత్తయ్య చటుక్కున ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“కల్లు దుకాణమోడు సుత తాగుడు బంద్ జేసినోని ఇంటికి ఫోన్ జేసి, రా బిడ్డా అని పిల్వడు గదనే,” అంది నాతో. “గీళ్ళేం మనుషులే?”

నాకు అప్పటిదాకా మా ఆయన మీద కోపం ఉండేది. బయటికి అనకపోయినా కడుపులో ఉండేది. ఆ ఉదయంతో అది దారి మళ్ళింది. ఒక దుకాణంలో ఒంటరిగా కూర్చునే మనిషి. అతను ఎప్పుడు విసుగుపడతాడో, ఎంత ఓడాక ఎంత ఆశపెడితే మళ్ళీ వస్తాడో కనిపెట్టి కూర్చునే పెద్ద ఆఫీసు. ఈ ఇద్దరి మధ్య ఆట సమానమని చెప్పి, ఓడినవాడికి బుద్ధి లేదనడం నాకు చేతకాలేదు. మనిషికి బుద్ధి ఉండాలి, నిజమే. వాళ్ళకు కట్టడి కూడా ఉండాలి.

ఆ ఊపులోనే ఉండగా స్టూడియో నుంచి పిలుపొచ్చింది. ప్రకటనకు గొంతు కావాలన్నారు. ఏ ప్రకటనో చెప్పలేదు, మేమూ అడగం. శ్రీనగర్ కాలనీలో నేను రోజూ వెళ్ళే స్టూడియోనే. గాజు గదిలో నిలబడి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక కాగితం ఇచ్చారు. ఫోను రమ్మీ ప్రకటన. పైన ఒక మగగొంతు హుషారుగా పిలుస్తుంది, రండి, ఆడండి, గెలవండి అని. చివర నాకు మూడు ముక్కలు. ఈ ఆటలో ఆర్థిక నష్టం ఉండవచ్చు. ఇది వ్యసనంగా మారవచ్చు. బాధ్యతతో ఆడండి.

నేను చదివాను.

“అక్కా, ఫాస్ట్‌గా,” అన్నాడు ఇంజనీరు అద్దం అవతలి నుంచి. “ఊపిరి తీసుకోకుండా కొట్టెయ్యాలె.”

మళ్ళీ చదివాను. సీరియల్లో డాక్టరు పాత్ర కూతురి జబ్బు గురించి తల్లికి చెబుతుంది చూడండి, అలా చదివాను. ప్రతి మాటా వినబడేలా.

ప్రకటన తెచ్చిన కోఆర్డినేటర్ లోపలికి వచ్చాడు. ఏళ్ళ తరబడి నాకు పని ఇప్పించిన మనిషి. “మేడమ్, ఇది ఎవరూ వినాల్సింది కాదండీ. రూలు ఉంది కాబట్టి పెడుతున్నారు. గబగబా చదివేస్తే అయిపోతుంది.”

“ఎవరూ వినకూడదంటే ఎందుకు చదవడం?”

“అబ్బా, ఏంటి మేడమ్ ఇవాళ!”

“ఇంకోటి చెప్పండి. ఈ ఆట మన దగ్గర బంద్. ఆంధ్రాలోనూ బంద్. మరి తెలుగు ప్రకటన ఎవరి కోసం?”

“బెంగళూరులో తెలుగువాళ్ళు లేరా?” అన్నాడు. చెప్పాక అతనికే నవ్వొచ్చింది. నాకు రాలేదు.

“నేను చదివితే ఇలాగే చదువుతాను. వేసుకుంటే వేసుకోండి,” అన్నాను. వేసుకోరని నాకు తెలుసు. హెడ్‌ఫోన్లు తీసి కుర్చీ మీద పెట్టి వచ్చేశాను. ఇంకెవరో ఆ మూడు ముక్కలూ ఊపిరి తీసుకోకుండా చదివి ఉంటారు. వాళ్ళను నేనేమీ అనను. అందరికీ ఇల్లు గడవాలి. ఆ తర్వాత చాలాకాలం ప్రకటనల పని నాకు రాలేదు. సీరియల్లో అత్తగార్లు మాత్రం నన్ను వదల్లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. మర్నాడు దుకాణానికి నేను టిఫిను తీసుకెళ్ళేసరికి బల్లమీద కొత్తగా ఒక అట్ట నిలబెట్టి ఉంది. తాను లోపలి అట్టే. నల్ల స్కెచ్ పెన్నుతో ఆయనే రాశారు. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా ఉన్నాయి. “నేను ఫోనులో జూదం ఆడి ఈ దుకాణం ఖాళీ చేసుకున్నాను. ఇప్పుడు వైద్యం చేయించుకుంటున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ బాధ ఉంటే నాతో మాట్లాడండి.”

నేను చదివి ఆయన వైపు చూశాను.

“నువ్వు గాజు గదిల చెప్పినవు,” అన్నారు. “నేను గీడ చెప్తున్న.”

ఆ వారంలోనే మా ఆడపడుచు, ఆమె భర్త దుకాణానికి వచ్చారు. వాళ్ళ బంధువుల ఫంక్షన్‌లో అందరికీ మా ఆయనకు కామెర్లు అని చెప్పి ఉంచారు. ఈ అట్ట సంగతి ఎవరో చెప్పారు. ఆమె భర్త దాన్ని బోర్లా పడేసి, “బావా, ఇజ్జత్ ఏమన్న ఉన్నదా? రేపటి నుంచి జూదగాని దుకాణం అంటరు దీన్ని,” అన్నాడు.

“అననియ్యి,” అన్నారు మా ఆయన, అట్ట మళ్ళీ నిలబెడుతూ. “ఆడినప్పుడు జూదగాన్ని గాదా? అప్పుడు లేని ఇజ్జత్ ఇప్పుడెందుకు?”

“పిల్ల పెండ్లి సంబంధాలు చూస్తున్నం అన్నా,” అంది ఆడపడుచు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆమె బాధ అబద్ధం కాదు.

“మేనమామకు కామెర్లని చెప్పి పెండ్లి జేస్తే, రేపు నిజం తెలిసినోళ్ళు నీ బిడ్డనే అంటరు. ఉన్నది చెప్పు,” అన్నారు ఆయన. వాళ్ళు కోపంతో వెళ్ళిపోయారు. చాలా నెలలు మాటల్లేవు. తర్వాత సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తల్లి మా దుకాణానికే వచ్చి పెళ్ళి జాకెట్లకు గుడ్డ తీసుకుంది. అట్ట చదివింది, మా ఆయన ముఖం చూసింది, లైనింగు కాస్త మంచిది ఇవ్వమని అడిగింది. అంతే.

మ్యాచింగ్ సెంటరుకు వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే. మొదట్లో ఆ అట్ట చదివి, చదవనట్టు నటించి, ఫాల్ తీసుకుని వెళ్ళిపోయేవారు. కొందరు మళ్ళీ వచ్చేవారు. రంగు సరిపోలేదని ఏదో వంక. రద్దీ తగ్గేదాకా నిలబడి, చివరికి గొంతు తగ్గించి అడిగేవారు. ఒకావిడ కొడుకు ఇంజనీరింగు మానేశాడు. ఒకావిడకు కరోనా తర్వాత ఉద్యోగం పోయిన భర్త. మాసబ్ ట్యాంక్‌లో గవర్నమెంటు ఆఫీసులో పనిచేసే ఒకావిడ, పట్టుచీర మడత చేతిలో అలాగే పట్టుకుని, “మా ఇంట్లో ఆడేది నేనేనండీ,” అంది. ఆ మాట అన్నాక తనే భయపడి తలుపు వైపు చూసింది. నేను లేచి ఆవిడకు స్టూలు వేశాను. పంజాగుట్ట డాక్టరమ్మ దగ్గరికి మొదటిసారి నేనే వెంట వెళ్ళాను.

అందరూ చెప్పింది ఒకటే. మానేసిన వాణ్ణి వాళ్ళు వదలరు. ఫోన్లు చేస్తారు, మెసేజీలు పెడతారు, అకౌంటు మూయరు.

ఆ గవర్నమెంటు ఆఫీసావిడ సలహా మీదనే మేం కొన్ని కుటుంబాల వాళ్ళం కలిసి ఒక ప్రభుత్వ ఆఫీసుకు అర్జీ పట్టుకెళ్ళాం. మేం అడిగింది పెద్ద విద్యేమీ కాదు. నేను ఇక ఆడనని మనిషి ఒక్కచోట చెబితే అన్ని యాప్‌ల తలుపులూ అతనికి మూతపడాలి, తిరిగి తెరవమని ఒక బలహీన క్షణంలో అడిగినా తెరవకూడదు. మానేసిన వాడికి ఫోన్ చేసి పిలిచేవాడికి శిక్ష ఉండాలి. హెచ్చరిక చెబితే మనిషి మాట్లాడే వేగంలో చెప్పాలి. ఫోను వేరే రాష్ట్రంలో ఉందని అబద్ధం చెబితే నమ్మేసి డబ్బు తీసుకున్న వాడిదే తప్పు కావాలి. అక్కడి ఆఫీసరు కాగితం చదివి, “మంచిగానే ఉందమ్మా, కానీ ఇది పైవాళ్ళు చేయాల్సింది,” అన్నాడు.

“పైవాళ్ళకు పంపండి,” అంది గవర్నమెంటు ఆఫీసావిడ. “పంపినట్టు మాకు రాసివ్వండి. ఎలా రాయాలో నాకు తెలుసు, కావాలంటే చెప్తాను.” ఆయన నవ్వుతూ రాసిచ్చాడు.

మా కాగితం వల్ల ఏమీ జరిగి ఉండదు. అలాంటి అర్జీలు దేశమంతా ఎందరో పెట్టి ఉంటారు. కొంతకాలానికి కేంద్రం చట్టమే తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం అన్నారు. పేరున్న యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. ఆ రోజు గాజుల దుకాణం ఆయన వచ్చి, “ఇగ ఆ అట్ట తీసెయ్ అన్నా, ఫికర్ పోయింది,” అన్నాడు. మా ఆయన కూడా తీసేద్దామనే అనుకున్నారు.

తీయలేదు. కొన్నాళ్ళకే టెలిగ్రామ్‌లో ఎవరో లింకు పంపారు. అప్పటికి డాక్టరమ్మ సరేనన్నాక ఆయన ఫోను ఆయనకు ఇచ్చేశాను. పేరు కొత్తది, కంపెనీ ఏ దేశంలో ఉందో తెలియదు. ఆయన ఆడారు. ఒక మధ్యాహ్నమంతా ఆడారు. కానీ ఆ సాయంత్రమే నేను డబ్బింగు ముగించి బయటికి వచ్చేసరికి స్టూడియో గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

“ఆడిన,” అన్నారు. “నువ్వు కనిపెట్టేదాక ఉండొద్దనుకున్న.”

అక్కణ్ణుంచి అలాగే నడుచుకుంటూ పంజాగుట్ట వెళ్ళాం. దారిలో ఒకచోట, “సిగ్గు పడుతున్నారా?” అని అడిగాను. “ఆ లింకు పంపినోళ్ళ మీద మస్తు కోపమొస్తుంది,” అన్నారు. నాకు ఆ జవాబు నచ్చింది. అక్కడ డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, “మళ్ళీ పడటం కూడా జబ్బులో ఉండేదే. దాచకుండా వచ్చారు, అది లేనిదే నేను వైద్యం చేయలేను,” అంది. వారం వారం రావడం మళ్ళీ మొదలైంది. ఇప్పటికీ వెళ్తున్నారు.

చట్టం వచ్చాక ఇక చాలని అనేవాళ్ళను నేను నమ్మను. పేరున్నవాడు పోయి పేరులేనివాడు వచ్చాడు. వాణ్ణి పట్టుకోవాలంటే ఎవరో ఒకరు వెంటపడుతూనే ఉండాలి.

మొన్న వరలక్ష్మీవ్రతానికి ముందు, దుకాణం కిటకిటలాడుతున్న వేళ ఒకాయన వచ్చాడు. నడివయసు, ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో ట్యాగు. చంకలో మడిచిన స్టాండీ, అంటే నిలబెట్టే ప్రకటన బోర్డు, ఉంది. మా అట్ట వైపు చూడను కూడా చూడలేదు.

“అన్నా, మీ దుకాణానికి లేడీస్ మస్తుగ వస్తరు గదా. గీ స్టాండీ ఒక్కటి మూలకు పెట్టుకో. స్కాన్ జేసినోళ్ళ మీద నీకు కమీషన్. ఈజీ గేమ్ అన్నా, ఎరుపొస్తదా పచ్చొస్తదా చెప్పాలె, అంతే.”

మా ఆయన చేతిలో కత్తెర ఉంది. దాన్ని బల్లమీద పెట్టారు. అట్ట ఎత్తి ఆ మనిషి ముఖానికి ఎదురుగా పట్టుకున్నారు. “సదువు,” అన్నారు. “గట్టిగ సదువు.”

అతను ఒకటి రెండు మాటలు చదివి ఆగిపోయాడు. దుకాణంలో ఉన్న ఆడవాళ్ళంతా అటు తిరిగారు. వాళ్ళలో ఒకావిడ, ఇంజనీరింగు మానేసిన అబ్బాయి తల్లి, చేతిలోని చీర వదిలేసి ముందుకొచ్చింది. “ఏ కంపెనీ నాయనా మీది? ఆఫీసు ఎక్కడ? నీ పేరేంటి?” అని వరసగా అడిగింది. నేను ఫోను తీసి ఫోటో తీశాను. అతను ట్యాగు చేత్తో మూసుకుని, స్టాండీ వదిలేసి, గల్లీలో జనంలోకి వెళ్ళిపోయాడు.

“ఏం చేద్దాం?” అన్నాను.

“ఠాణాకు పోదాం,” అన్నారు మా ఆయన. వ్రతం ముందు రోజు, అమ్మకం మంచి జోరు మీద ఉన్న మధ్యాహ్నం షట్టరు దించారు. గుడ్డ తీసుకోకుండానే నిలబడిపోయిన వాళ్ళను చూసి, “ఒక్క గంటల వస్త అమ్మా, ఏమనుకోకుండ్రి,” అన్నారు. ఇద్దరు వెళ్ళిపోయారు. ఆ అబ్బాయి తల్లి, ముక్కూ మొహం తెలియని ఇంకొక ఆవిడ మాతో బయల్దేరారు. స్టాండీ నేను మోశాను.

స్టేషన్లో ఒక హెడ్ కానిస్టేబుల్ విన్నాడు. మంచిగానే కూర్చోబెట్టాడు. “గిట్లాంటివి రోజుకు ఎన్నో వస్తున్నయమ్మా,” అన్నాడు అలసటగా. “ఒకటి ఆపితే ఇంకోటి పుడుతది.”

“ఎన్ని పుడితే అన్నిసార్లు వస్తాం,” అన్నాను. “మీరు రాసుకోండి.”

ఆయన మా నలుగురి ముఖాలూ చూశాడు. ఎవరం లేచేలా లేమని అర్థమైనట్టుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, “చెప్పుండ్రి,” అన్నాడు. మా ఆయన మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.